ట్యాంకులోకి దిగే ముందు గాలిని కొలవండి

జోగిపేట, అందోలు ప్రాంతాల నుంచి పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమలకు పనికి వెళ్లేవారికీ, వారి కుటుంబాలకూ ఈ నాలుగు మాటలు. రియాక్టరులోకో ట్యాంకులోకో దిగినప్పుడు ఊపిరాడకపోతే వెంటనే పైకి రావచ్చునన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. శరీరధర్మం తెలిసినవారెవరూ ఈ ధీమాను సమర్థించలేరు.

మన ఊపిరితిత్తులలో సుమారు 30 కోట్ల వాయుగోణులున్నాయి. వాటి గోడ మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా పలుచన. ఆ గోడకు ఆనుకొని రక్తకేశనాళికలు ఉంటాయి. వాయువులను అటూ ఇటూ చేరవేసే యంత్రమేదీ అక్కడ లేదు. పీడనం ఎక్కువగా ఉన్న వైపు నుంచి తక్కువగా ఉన్న వైపునకు వాయువు తనంతట తానే సాగిపోతుంది. దీనినే విసరణ అంటారు. రక్తపోటును కొలిచే పాదరసపు మిల్లీమీటర్లలోనే చెబితే, వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం సుమారు 100. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తంలో 40. కనుక ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ పీడనం రక్తంలో కొంచెం ఎక్కువ కాబట్టి అది వెలుపలికి వస్తుంది. కణజాలాలలో ఇదే వినిమయం తలకిందులుగా జరుగుతుంది: హీమోగ్లోబిన్ మోసుకొచ్చిన ఆక్సిజన్ కణాలకు అందుతుంది, కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి చేరుతుంది.

ప్రమాదమూ ఈ సూత్రంలోనే ఉంది. ద్రావణులు అంటుకోకుండా ఔషధ పరిశ్రమల రియాక్టర్లలో నత్రజని నింపుతారు. దానికి రంగూ వాసనా లేవు. అది విషమూ కాదు. అయితే ఆక్సిజన్ లేని అటువంటి చోట శ్వాసిస్తే వాయుగోణిలోని ఆక్సిజన్ పీడనం రక్తంలోని దానికన్నా పడిపోతుంది. అప్పుడు రక్తంలోని ఆక్సిజనే వెనుదిరిగి ఊపిరితిత్తులలోకి వస్తుంది. ప్రతి శ్వాసా దానిని బయటకు తోడేస్తుంది. ఊపిరి బిగబట్టినవాడు నిమిషంపాటు నిలవగలడేమో గాని, అక్కడ ఊపిరి పీల్చినవాడు కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతాడు.

మరి ఊపిరాడని బాధ ముందుగా హెచ్చరించదా? హెచ్చరించదు. ఆ బాధ ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల కలిగేది. నత్రజనిలో అది యథావిధిగా బయటకు పోతూనే ఉంటుంది.

మురుగు గుంతలలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మరొక దారిలో చంపుతుంది. ఆక్సిజన్ అందినా దానిని వాడుకోలేని స్థితికి కణాలను నెడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది కదా అంటారా? మోతాదు పెరిగేసరికి ఆ వాసనను పసిగట్టే శక్తే నశిస్తుంది. బావిలోకి దీపం దింపి చూసే పాత అలవాటు ఆక్సిజన్ కొరతను కొంత తెలుపుతుందే తప్ప ఈ విషాన్ని తెలుపదు. మండే వాయువులున్న చోట ఆ దీపమే ప్రమాదం.

కాపాడబోయినవారూ ఇలాగే పోతున్నారు. 2015 నవంబర్ 26న కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్ర కార్మికులను రక్షించడానికి నౌషాద్ అనే ఆటో డ్రైవర్ దిగాడు. ముగ్గురూ మరణించారు. అతని త్యాగానికి చేతులు జోడిస్తాను. కాని మరొకరు ఆ దారిన వెళ్లకూడదు.

అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగేవాడికి శ్వాస పరికరమూ, బెల్టుకు తాడూ ఉండి, తాడు కొసను బయట ఒకరు పట్టుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ నిర్దేశించినది ఇదే. నా అభిప్రాయంలో ధ్రువపత్రం ఒక్కటే చాలదు. మీటరు చూపిన అంకెను దిగబోయే కార్మికుడికే చూపించి, తెలుగులోనో హిందీలోనో అతని భాషలో వివరించాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే ఎవరినీ దింపరాదు. విషవాయువులనూ, మండే వాయువులనూ విడిగా కొలవాలి. అడుగున మడ్డి కదిలితే గాలి మారిపోతుంది గనుక పని సాగినంతసేపూ కొలుస్తూనే ఉండాలి.

పని ఆలస్యమవుతుందని యాజమాన్యాలు అనవచ్చు. పరీక్షకు పట్టేది నిమిషాలు. మెదడు ఆక్సిజన్ లేకుండా తట్టుకునేదీ నిమిషాలే.

కార్మిక సోదరులారా, "కొలిచారా? ఎంత వచ్చింది?" అని అడగడం పిరికితనం కాదు. జవాబు రాకపోతే దిగకండి. లోపల ఎవరైనా పడిపోతే వెంట దూకకండి; తాడుతో పైకి లాగండి, 101కీ 108కీ ఫోన్ చేయండి.