ప్యాకేజీలో రాయని పేర్లు

డిసెంబర్ 1 రాత్రి మన హాస్టళ్లలో ఎవరూ త్వరగా పడుకోరు. ఇంటర్వ్యూ అయినవాళ్లు, కానివాళ్లు, ఫోన్ చేతిలో పట్టుకుని కారిడార్‌లో అటూ ఇటూ తిరిగేవాళ్లు... ఈ పత్రిక చదివే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 డిసెంబర్‌లో అలా తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. రాత్రి పదకొండు దాటాక లిస్టులో నా పేరు వచ్చింది. రూమ్మేట్లు ఎత్తి కుదిపేశారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చింది. ఆ రాత్రి నాకంటే అదృష్టవంతుడు కందిలో లేడనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం మెస్‌లో కూర్చున్నాం. పక్క బ్రాంచ్ వాడికి నాకొచ్చినదానికి రెండింతలు వచ్చిందని ఎవరో చెప్పారు. అంతే. చేతిలో చపాతీ ముక్క అలాగే ఉండిపోయింది. నా ప్యాకేజీలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, కానీ నా సంతోషం సగానికి సగం పడిపోయింది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన రోజు పూర్తిగా ఒక రోజు కూడా నిలవలేదు. ఇదేం లెక్క?

ఈ వ్యాసం ఆ లెక్క గురించే. ముందే ఒక మాట చెప్పేస్తాను: "డబ్బులో ఏముంది, మనశ్శాంతి ముఖ్యం" అని రాయబోవడం లేదు. ఆ మాట అనగలిగేవాళ్లకు సాధారణంగా డబ్బు ఉంటుంది. మా ఇంట్లో ఫీజు కట్టాల్సిన నెలలో ఎవరూ ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు.

డబ్బుకూ సంతోషానికీ ఉన్న సంబంధం మీద ఆర్థికవేత్తలు చాలాకాలంగా కొట్లాడుకుంటున్నారు. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ ఒక వింత చూపించాడు: ఒక దేశంలో ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సంతోషంగా ఉంటారు, కానీ ఏళ్లు గడిచి దేశం మొత్తం సంపన్నమైనా దాని సంతోషం ఆ మేరకు పెరగదు. 2010లో డేనియల్ కానమన్, యాంగస్ డీటన్ అమెరికాలో చూసి, ఏటా 75 వేల డాలర్ల దగ్గర రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ "ఆగడం లేదు, పెరుగుతూనే ఉంది" అన్నాడు. బాగున్న విషయమేంటంటే, కానమన్ వాదన పెంచుకోకుండా అతనితోనే కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ చూశాడు. 2023లో కలిసి పేపర్ వేశారు. చాలామందికి ఆదాయంతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంటుంది; బాగా దిగులుగా ఉన్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు పెద్దగా పనిచేయదు.

అయితే ఆ గ్రాఫ్‌లో మనం గమనించాల్సింది అడ్డగీత. అది లాగ్ స్కేల్. అంటే రూపాయి పెరిగినప్పుడల్లా కాదు, ఆదాయం రెట్టింపయినప్పుడల్లా ఒక మెట్టు. నెలకు 15 వేలు వచ్చే ఇంటికి 30 వేలు కావడం, లక్షన్నర వచ్చేవాడికి మూడు లక్షలు కావడం, రెండూ దాదాపు ఒకే మెట్టు. మొదటిదానికి 15 వేలు చాలు. రెండోదానికి లక్షన్నర కావాలి. మనం మెస్‌లో కూర్చుని పోల్చుకుంటున్నదంతా ఈ పై మెట్ల గురించే. మన పళ్లేలు కడిగే అక్క ఉన్నది ఆ కింది మెట్టు మీద.

మరి ఏం చేయాలి? దీనికి దొరికే సలహా ఒకటుంది: "నీకంటే కింద ఉన్నవాళ్లను చూసి తృప్తి పడు." నా అభిప్రాయంలో ఇది సలహా కాదు, పాత జబ్బే ఇంకో రూపంలో. పైకి చూసి ఏడవడం పోలికైతే, కిందికి చూసి ఊరట పొందడం కూడా పోలికే. మెడ తిప్పిన వైపు మారింది, అంతే. ఇంకొకడి కష్టం నా సంతోషానికి ముడిసరుకు కావడం నాకు నచ్చదు. పైగా ఈ మాట తరచుగా చెప్పాల్సినవాళ్లకు కాకుండా, అడగాల్సినవాళ్ల నోరు మూయించడానికి వాడతారు. జీతం పెంచమన్నవాణ్ని "ఉన్న పనికి సంతోషించు" అంటే అది కృతజ్ఞత నేర్పడం కాదు.

కృతజ్ఞత అంటే ఏంటో నాకు ఆ డిసెంబర్‌లో నాన్న చెప్పాడు, చెప్తున్నానని తెలియకుండానే.

నాన్న పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. ఆఫర్ వచ్చిన రాత్రి ఆయన అడిగిన మొదటి ప్రశ్న "నెలకెంత పడతది బిడ్డా?" చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"ఒడిశా అన్నకు చెప్పినవా?"

"ఏ అన్న నాయినా?"

"గదే, నీ పరీక్ష దినం నా డ్యూటీ చేసిండు సూడు."

నాకు అసలు తెలియదు. జేఈఈ రోజు నా సెంటర్ సిటీకి అవతల పడింది. నాన్న నన్ను బండి మీద తీసుకెళ్లాడు. ఆ రోజు ఆయనకు సెలవు ఉందనుకున్నాను. సెలవు దొరకలేదట. రాత్రి షిఫ్టు చేసి అలసిపోయి ఉన్న ఒక ఒడిశా కార్మికుడు, "నువ్వు పిల్లగాడిని తీస్కపో" అని, ఇంటికి పోకుండా నాన్న షిఫ్టు కూడా చేశాడట. నాన్నకది ఇన్నేళ్లుగా గుర్తుంది. నాకు ఒక్కరోజు కూడా తెలియదు. నా రెజ్యూమెలో ర్యాంకు ఉంది, సీజీపీఏ ఉంది, ప్రాజెక్టులున్నాయి. ఆయన పదహారు గంటలు లేవు.

తెలుగులో ఒక సంగతి గమనించారా? "ధన్యవాదాలు" అనేది మనం స్టేజీ మీద, మెయిల్ చివర వాడే మాట. అన్నం పెట్టిన అమ్మకు ఎవరం చెప్పం. ఊళ్లో ముసలమ్మకు సంచి మోసి పెడితే ధన్యవాదాలనదు, "నీ కడుపు సల్లగుండ" అంటుంది. అందుకున్న మేలుకు మనవాళ్లు వాడే అసలు మాట రుణం. అది మనసులో వెచ్చగా అనిపించే భావం కాదు. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది తెలిసిన లెక్క. దానికి ఒక పేరు, ఒక అడ్రసు ఉంటాయి.

ఆ కళ్లతో చూస్తే మన కంది వేరుగా కనిపిస్తుంది. మన సంస్థ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తాత్కాలికంగా మొదలై ఇక్కడికి వచ్చింది. గేటు ముందున్న 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇస్నాపూర్, రుద్రారం, పటాన్‌చెరు అంటూ ముఫ్తీలో కంపెనీ బస్సులు, లోపల నిద్రపోతున్న మనుషులు. జ్వరమొస్తే మనం వేసుకునే మాత్రల్లో ఎన్ని ఈ దారిలోనే తయారయ్యాయో. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. నాన్న పనిచేసేది అక్కడ కాదు. అయినా ఆ పొద్దున ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎనిమిదోసారి ఎత్తాడు. ఆ నిమిషం నాకు ఏ ప్యాకేజీ గుర్తురాలేదు. కానీ ఎత్తని ఫోన్లకు మోగించిన ఇళ్లు కూడా ఆ రోజు ఉన్నాయి. "మా నాన్న బాగున్నాడు, థాంక్ గాడ్" అని అక్కడితో ఆగిపోతే అది కృతజ్ఞత కాదు, తప్పించుకున్నవాడి ఊపిరి.

రుణం తెలిసినవాడు ఆగడు. దీనికి పటాన్‌చెరులోనే ఒక పెద్దాయన ఉదాహరణ: డాక్టర్ అల్లాని కిషన్‌రావు. అక్కడ ప్రాక్టీసు చేసిన వైద్యుడు. తన దగ్గరికొచ్చే రోగుల జబ్బులకూ, చుట్టుపక్కల ఊళ్ల నీళ్లకూ సంబంధం ఉందని గమనించి, మందు చీటీతో సరిపెట్టకుండా కాలుష్యం మీద దశాబ్దాలపాటు పోరాడారు. నక్కవాగు సంగతి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఓ పేపర్ ప్రచురించింది. సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలు చేరే ఇక్కడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని అందులో తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ప్రపంచానికి చవకగా మందులు అందిన లెక్కలో ఈ వాగు ఖర్చు ఎవరూ రాయలేదు. ఆ ఖర్చు రాయమని అడగడం కూడా రుణం తీర్చుకోవడమేనని నేననుకుంటాను. కృతజ్ఞత, న్యాయం కోసం అడగడం ఒకదానికొకటి ఎదురు కావు.

ఇదే సంగారెడ్డి జిల్లాలో ఇంకో వైపు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు ఎక్కువమంది దళితులు, చిన్న కమతాలవాళ్లు. పడావు పడ్డ భూములను మళ్లీ సాగులోకి తెచ్చారు. పండిన జొన్నల్లో కొంత తమ ఊరి పేదలకే తక్కువ ధరకు అందేలా చేసుకున్నారు. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతారు. 2019లో వీళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. నాకు నచ్చింది ఆ ప్రైజ్ కాదు, విత్తనం గురించి వాళ్ల తీరు. విత్తనం అమ్ముకునే సరుకు కాదు, చేతులు మారాల్సిన వస్తువు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికంటే కొంచెం ఎక్కువే తిరిగిస్తారు. వాళ్లు పేదరికాన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు, దాన్నుంచి బయటపడ్డారు. కానీ బయటపడ్డ లెక్క ఒక్కొక్కరికి విడివిడిగా కాకుండా ఊరికి కలిపి రాసుకున్నారు.

"ఇదంతా బాగుంది, దీనివల్ల నాకేంటి?" అంటారా? దానికీ జవాబుంది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో కాలేజీ విద్యార్థుల మీదే ఓ ప్రయోగం చేశారు. పది వారాలపాటు, వారానికోసారి, తమకు దక్కిన మంచి విషయాలు ఐదు వరకు రాయమన్నారు. మరో గుంపును చిరాకు పెట్టిన విషయాలు రాయమన్నారు. మంచి రాసినవాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది. ఇంకో వైపు, 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ గెలిచినవాళ్లను పరిశీలించింది. వాళ్లు మిగతావాళ్లకంటే పెద్దగా సంతోషంగా లేరు సరికదా, కబుర్లు చెప్పుకోవడంలాంటి చిన్న చిన్న ఆనందాలు వాళ్లకు తగ్గాయి. నా చపాతీకి జరిగింది అదే.

నేను ఆ ఐదు విషయాల లిస్టును కొంచెం మార్చాను. విషయాలు కాదు, పేర్లు రాస్తున్నాను. మంచి ఫ్యాకల్టీ, మంచి ల్యాబ్ అని రాస్తే అవి నా ఆస్తిలా అనిపిస్తాయి. ఎనిమిదో తరగతిలో సాయంత్రం ఆపి లెక్కలు చెప్పిన సారు, ఫీజుకు గాజులు కుదువ పెట్టిన మేనత్త, థర్డ్ ఇయర్‌లో నోట్సు ఇచ్చిన సీనియర్ అని పేర్లతో రాస్తే మాత్రం ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. మేనత్త గాజులు మొదటి జీతంలో విడిపించాలి. సారుకు ఫోన్ చేయాలి. జూనియర్‌కు నోట్సు ఇవ్వాలి. రేపు ఏ కంపెనీలో ఇంజనీరుగా కూర్చున్నా, సేఫ్టీ ఫైలు మీద చూడకుండా సంతకం పెట్టకూడదు. ఆ సంతకం కింద ఎవరి నాన్నో షిఫ్టులో ఉంటాడు.

పక్క బ్రాంచ్ వాడి ప్యాకేజీ ఇప్పటికీ నాకంటే రెండింతలే. అప్పుడప్పుడు గుచ్చుకుంటూనే ఉంటుంది, అబద్ధం ఎందుకు. కానీ ఆ లిస్టు తీసినప్పుడు అది ఒక్కటే లెక్క కాదని గుర్తొస్తుంది.

ఒడిశా అన్న రెండేళ్ల కిందట ఊరికి వెళ్లిపోయాడు. నాన్న దగ్గర నంబరు ఉంటే సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం కూర్చుని ఫోన్ చేశాం. నా హిందీ, ఆయన తెలుగు రెండూ అంతంతమాత్రమే. ఉద్యోగం వచ్చిందన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత ఒకటే అడిగాడు, "మీ నాన్న ఇంకా రాత్రి డ్యూటీ చేస్తున్నాడా?"

చేస్తున్నాడు. నా మొదటి జీతం వచ్చేదాకా.