గొడవకు ముందే

వరండాలో హెడ్మాస్టరు నడిచి వెళ్తున్నప్పుడు గదిలోంచి చప్పుడు వినపడకపోతే క్లాసు కంట్రోల్లో ఉన్నట్టు లెక్క. మన బడుల్లో ఉపాధ్యాయుల సమర్థతకు ఎన్నాళ్లుగానో ఇదే కొలత. డీఎస్సీలో నెగ్గి కొత్తగా చేరినవారు కూడా దీనికి జడిసే, తొలి వారంలోనే డస్టరుతో బల్లను బాదడం మొదలుపెడతారు. పాఠం ఎంతమందికి అందిందన్నది ఎవరూ అడగరు.

మాస్టారు పనిమీద బయటికెళ్తూ లీడరు చేతికి సుద్దముక్క ఇస్తారు. మాట్లాడినవారి పేర్లు బోర్డెక్కుతాయి. మళ్లీ నోరు విప్పితే పేరు పక్కన ఇంటూ మార్కు. పెన్సిలు అడిగిన పిల్లా, పక్కవాణ్ణి గిల్లిన పిల్లాడూ ఒకే వరసలో ఉంటారు. లీడరు స్నేహితుల పేర్లు కనపడవు. తిరిగొచ్చిన మాస్టారు ఏమీ విచారించకుండానే అందరిచేతా గోడకుర్చీ వేయిస్తారు. ఆనాటి లెక్క మరిచిపోయినా ఆ అన్యాయాన్ని పిల్లలు ఏళ్ల తరబడి మరిచిపోరు.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1932లో ‘దివాస్వప్న’ రాశారు. అందులోని మాస్టారు లక్ష్మీరామ్ తొలిరోజు నాలుగో తరగతి పిల్లలతో మౌనం ఆట ఆడించబోయి భంగపడతాడు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు. వినాలన్న కోరికే వాళ్లను కుదురుగా కూర్చోబెడుతుంది.

అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు జేకబ్ కౌనిన్ తరగతి గదులను వీడియోల్లో పరిశీలించి 1970లో చెప్పింది కూడా దీనికి దగ్గరిదే. అల్లరి జరిగాక మందలించే తీరులో మంచి టీచర్లకూ మిగతావారికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా అంతకుముందే ఉంది: గది నలుమూలలా కన్నేసి ఉంచడంలో, పాఠాన్ని నడుమ ఆగిపోనివ్వకపోవడంలో. అనుభవమున్న పంతులమ్మకు ఇది తెలియంది కాదు. వెనక వరసలో గుసగుస మొదలవగానే ఆమె పేరు పెట్టి అరవదు. చెబుతూనే నడిచి వెళ్లి, ఆ పిల్లవాడి పక్కన నిలబడి, తెరవాల్సిన పేజీ వేలితో చూపిస్తుంది. అంతే. వాడి పరువు పోలేదు, మిగతావారి చదువు ఆగలేదు.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నామన్నదీ ముఖ్యమే. చాలామంది టీచర్లు దాదాపు ఒక్క సెకనే ఆగుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, నోరు మెదపని పిల్లలూ ముందుకొస్తారు. చేయెత్తే ఆ నలుగురితోనే పాఠం నడిస్తే మిగతావారికి అల్లరి తప్ప వేరే పనేముంటుంది?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం వద్దనడం ఎంతో మంచిపని. దాని బదులు ఏం చేయాలో టీచర్లకు నేర్పాల్సిన బాధ్యత ఇంకా మిగిలే ఉంది. ఐదు తరగతులనూ ఒక్కరే చూసుకునే ఏకోపాధ్యాయ పాఠశాలలో బెత్తం లేకుండా క్లాసు నడపడం మరీ కష్టం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారి గ్రామీణ బడులు ఒక దారి చూపాయి. అక్కడ పిల్లలు కార్డులు తీసుకుని ఎవరి వేగంతో వారు ముందుకు సాగుతారు, టీచరు అవసరమైనవారి పక్కన కూర్చుంటారు. గదిలో మాటలు వినపడతాయి, పనీ జరుగుతుంది.

కొత్త ఉపాధ్యాయులను చేరిన మర్నాడే ఒంటరిగా క్లాసులోకి తోసేయకుండా, అనుభవజ్ఞుల తరగతిలో కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చుని చూడనివ్వాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఫారాలు, లెక్కలు కాస్త పక్కనపెట్టి, ఫలానా పిల్లవాడితో ఏం చేయాలో తోచడం లేదని ఒక టీచరు నిస్సంకోచంగా చెప్పుకోవడానికి అరగంట కేటాయించాలి. ఈ రెండింటికీ విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.