చెప్పని పనికి రాలేదని మూడు నెలల శిక్ష

జూన్ 21న మా ఊరికి మండల ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. చదివి వినిపిస్తే మా పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "అంటే తప్పు మనదా నాయనా?"

కాగితంలో ఉన్నది ఇంతే. మీ 14 మందికి ఏప్రిల్ 18 నుంచి ఉపాధి పని కేటాయించాం, మీరు హాజరు కాలేదు, కావున ఉపాధి హామీ చట్టం సెక్షన్ 9 ప్రకారం మూడు నెలల పాటు నిరుద్యోగ భృతికి అనర్హులు. కింద సంతకం, ముద్ర.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీద ఊరు. మండలం పేరు, సిబ్బంది పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఇది ఒక్క మండలం సంగతి కాదు. ఏజెన్సీలో ఏ ఊరోళ్ళు చదివినా "మా దగ్గరా ఇంతే కదా" అంటారని నాకు తెలుసు.

జరిగింది చెప్తాను. 2024 ఏప్రిల్ 8న, ఉగాదికి ముందురోజు, మేం 14 మందిమి పని కావాలని రాసిచ్చాం. చింతపండు అమ్మకం అయిపోయింది, వాన పడేదాకా పోడులో పని లేదు. ఇంట్లో డబ్బు కనబడని కాలం అదే. ఫీల్డ్ అసిస్టెంట్ కాగితం తీసుకున్నాడు. రశీదు అడిగితే "పైన ఎక్కించాక ఇస్తాను" అన్నాడు. మేం సరే అని ఇంటికొచ్చేశాం. ఇది మా తప్పే, ఒప్పుకుంటున్నాను. డిగ్రీ చదివినవాణ్ణి, చట్టం గురించి మీటింగుల్లో మాట్లాడేవాణ్ణి, నేనే రశీదు లేకుండా లేచి వచ్చాను.

ఏప్రిల్ అయిపోయింది. అడిగితే ఎలక్షన్ పనిలో ఉన్నాం అన్నారు. మే 13న ఓట్లయిపోయాయి. అడిగితే కౌంటింగ్ కానీ అన్నారు. చివరికి జూన్ 6న పని మొదలైంది. అప్పటికే మా ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకుని వెళ్ళిపోయారు.

2024లో అమల్లో ఉన్న చట్టం ఏం చెప్తుందో చూడండి. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే సెక్షన్ 7 ప్రకారం నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకి రోజు కూలిలో నాలుగో వంతుకి తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. మన రాష్ట్రంలో 2024-25లో కూలి 300 రూపాయలు. మా 15 రోజులు ఏప్రిల్ 23తో అయిపోయాయి. 24 నుంచి జూన్ 5 దాకా 43 రోజులు. 30 రోజులకి 75 చొప్పున 2,250, మిగతా 13 రోజులకి 150 చొప్పున 1,950. మనిషికి 4,200 రూపాయలు. పద్నాలుగు మందికి 58,800. జూన్ 10న ఇదే లెక్క కాగితం మీద వేసి మండల ఆఫీసులో ఇచ్చాం. దానికొచ్చిన జవాబే ఆ శిక్ష కాగితం.

ఇంతకీ ఏప్రిల్ 18న మాకు కేటాయించిన పని ఎక్కడ? ఆన్‌లైన్‌లో మస్టర్ తీసి చూశాను. మా ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, రెండు గెడ్డలు దాటి వెళ్ళాల్సిన ఇంకో ఊరి చెరువు పని. మా 14 మంది పేర్లూ ఉన్నాయి. అందరికీ గైర్హాజరు. ఇంకో సంగతి కూడా కనబడింది. మేం ఏప్రిల్ 8న ఇచ్చిన దరఖాస్తు కంప్యూటర్లో ఏప్రిల్ 15న ఇచ్చినట్టు ఎక్కింది. 15న అడిగారట, 18కల్లా పని ఇచ్చారట. మూడు రోజుల్లో పని చూపించిన ఆఫీసు! అలా చదివితే వాళ్ళకి దండ వెయ్యాలనిపిస్తుంది.

ఇక సెక్షన్ 9 దగ్గరికి వద్దాం. ఇది నిజంగానే చట్టంలో ఉంది, ఎవరో పుట్టించింది కాదు. ఇచ్చిన పని వద్దన్నవాళ్ళు, పని ఉందని తెలియజేసిన 15 రోజుల్లో రానివాళ్ళు, అనుమతి లేకుండా వరుసగా వారం మించి, లేదా నెలలో మొత్తం వారం మించి మానేసినవాళ్ళు మూడు నెలలు భృతి అడగడానికి లేదు. సరే. కానీ మొదట తెలియజెయ్యాలి కదా! పని కేటాయిస్తే జాబ్ కార్డులో ఉన్న చిరునామాకి రాతపూర్వకంగా ఉత్తరం పంపాలి, పంచాయతీ ఆఫీసు దగ్గర నోటీసు అంటించాలి. ఇది చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. మా ఊళ్ళో ఒక్కరికీ ఉత్తరం రాలేదు. పంచాయతీ గోడ మీద ఎలక్షన్ నోటీసులే ఉన్నాయి. అయిదు కిలోమీటర్లు దాటిన చోట పనిస్తే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలి. ఆ మాటా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సగం మందైనా వెళ్ళేవాళ్ళు. మా ఆడోళ్ళు సంతకి అంతకంటే దూరం నెత్తిన మూటతో నడుస్తారు.

ఇంకొకటి. ఆఫీసులో మాతో "మూడు నెలలు మీరు పని కూడా అడగకూడదు" అన్నారు. ఇది పచ్చి అబద్ధం. అదే సెక్షన్ 9 చివర్లో, పని మాత్రం ఎప్పుడైనా అడగవచ్చని స్పష్టంగా ఉంది. ఆగేది భృతి ఒక్కటే. ఈ మాట నమ్మి ఎన్ని ఊళ్ళవాళ్ళు ఇంట్లో కూర్చున్నారో!

పక్క ఊళ్ళో మా బాబాయి వాళ్ళది ఇంకో రకం. వాళ్ళు పనికి వెళ్ళారు, మట్టి తవ్వారు. కానీ మేట్ ఫోనులో తీసిన ఫోటోలు అప్‌లోడ్ కాలేదు. 2023 జనవరి నుంచి అన్ని పని చోట్లా యాప్‌లో రోజుకి రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. మా కొండల్లో సిగ్నల్ కోసం చింతచెట్టు ఎక్కాలి. ఎనిమిది రోజులు గైర్హాజరు పడింది. కూలి పోయింది. దాని మీద "వారం మించి మానేశారు" అని సెక్షన్ 9 తగిలించారు. యాప్ పని చెయ్యని చోట జిల్లా అధికారి అనుమతితో చేత్తో హాజరు ఎక్కించే వీలుంది. ఆ అనుమతి ఎవరు అడగాలి? కూలి మనిషా?

ఇదంతా ఎందుకు చేస్తారు అంటే నాకు అర్థమైనది చెప్తాను. ఆ చట్టం కింద కూలి డబ్బు కేంద్రం ఇస్తుంది. నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానా నుంచి ఇవ్వాలి. భృతి పడిందంటే పని చూపించలేదని ఆఫీసు ఒప్పుకున్నట్టే, పైనుంచి ప్రశ్నలొస్తాయి. అందుకని దరఖాస్తు తేదీని పని దొరికే రోజుకి దగ్గరగా ఎక్కిస్తారు. అప్పుడు 15 రోజులు ఎప్పటికీ దాటవు. అప్పటికీ ఎవరైనా గట్టిగా అడిగితే సెక్షన్ 9. బాకీ ఉన్నవాడే తీర్పు కూడా రాసేస్తున్నాడు.

ఫీల్డ్ అసిస్టెంట్ మీద నాకు పెద్ద కోపం లేదు. మనోడే, అతనికీ జీతం సరిగ్గా రాదు, పైవాళ్ళు చెప్పింది చేస్తాడు. కానీ మండల ఆఫీసులో ఆ రోజు కూర్చున్న ఉద్యోగి మాట మర్చిపోలేను. మా పెద్దమ్మ నిలబడి ఉంటే, ఆమె వైపు చూడకుండా, "కొండోళ్ళకి పని వద్దు, డబ్బులు మాత్రం కావాలి" అన్నాడు. నాతో "డిగ్రీ చదివి ఆఫీసుకి పాఠం చెప్పడానికొచ్చావా" అన్నాడు. నేను గొంతు పెంచాను. పెంచకుండా ఉండాల్సింది. ఆ తర్వాత వాళ్ళు రాసుకున్నది నా అరుపు గురించే, మా పెద్దమ్మని అన్న మాట గురించి కాదు.

ఆ మాట మీద కూడా ఫిర్యాదు వేశాం, విడిగా. సెక్షన్ 23 ప్రకారం ప్రతి ఫిర్యాదునీ రిజిస్టర్లో ఎక్కించి 7 రోజుల్లో పరిష్కరించాలి. రిజిస్టర్ చూపించమంటే బీరువా తాళం వేరే సారు దగ్గర ఉందన్నారు. అందుకని ముద్ర వేయించుకున్న కాపీతో జిల్లా అంబుడ్స్‌మన్‌కి పంపాం. సమాచార హక్కు కింద మూడు అడిగాం: మాకు పంపామన్న ఉత్తరాల కాపీలు, నోటీసు అంటించిన తేదీ, మా దరఖాస్తు అసలు కాగితం. 30 రోజుల్లో ఇవ్వాలి. ఉత్తరాలే పంపనప్పుడు కాపీలు ఎక్కడినుంచి తెస్తారో చూస్తాం. చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 25 కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. మా ఒక్కరికి రావలసిన దాంట్లో నాలుగో వంతు కూడా కాదు, అయినా అదీ అడిగాం.

జూలై 1 సోమవారం మళ్ళీ డిమాండ్ పెట్టాం. ఈసారి 31 మందిమి, బాబాయి వాళ్ళ ఊరితో కలిపి. రశీదు తర్వాత ఇస్తానంటే మా పెద్దమ్మ ఆఫీసు గుమ్మంలో చాప పరిచి కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి 31 రశీదులు చేతికొచ్చాయి, అన్నిటి మీదా అదే రోజు తేదీ. జూలై 16కి 15 రోజులు అవుతాయి.