ఐస్లాండు యాత్రకు బోవు సోదరీమణులకు

పిల్లలతో ఐస్లాండు ద్వీపమునకు బోవనున్న యొక సోదరి, అచ్చటి చలి కేమి సిద్ధపఱచుకొనవలెనని యడిగిరి. చలికి ఉన్ని దుస్తులు చాలును. అందు చలికంటె గాలికిని, గాలికంటె కెరటమునకును వెఱవవలెను.

ఆ గాలికి గొడుగు నిలువదు. ఉన్నిపై నీరు చొరని యంగీ ధరింపుడు. కారు తలుపును గట్టిగా పట్టుకొని తెరువుడు. లేకున్న గాలి దానిని విఱుచును. ప్రతిదినము బయలుదేరుటకు ముందు వాతావరణమును, మార్గముల స్థితిని తెలిసికొనుడు.

దక్షిణమున వీక్ గ్రామముచెంత రేనిస్‌ఫియారా యను నల్లయిసుక తీరము మిక్కిలి రమణీయము. కాని సముద్రము శాంతముగా దోచుచుండగనే పెనుకెరటము హఠాత్తుగా వచ్చి మనుష్యుల నీడ్చుకొనిపోవును. అట్లు మరణించినవారు కలరు. కావున అచ్చటి హెచ్చరికలను పాటింపుడు. సముద్రమునకు వీపు త్రిప్పకుడు. ఫొటో కొఱకైనను పిల్లల చేయి విడువకుడు. ఆపద కలిగిన 112 సంఖ్యకు టెలిఫోను చేయుడు.

వేడినీటి కొలనులలో దిగుటకు ముందు వస్త్రములు విడిచి సబ్బుతో స్నానము చేయుట అచ్చటి నియమము. స్త్రీలకు వేఱుగా గది యుండును గాన సంకోచింపవలదు.

ఎన్ని వింతలు చూచినను, పిల్లలతో క్షేమముగా నిల్లు చేరుటయే తల్లికి యాత్రాఫలము.