ట్రాంపోలిన్‌పై ఒక్కసారికి ఒక్కరే

సాయంత్రం ఆరు దాటాక ఎగ్జిబిషన్ మైదానాల్లో తరచూ కనిపించే దృశ్యమిది. జెయింట్ వీల్‌కీ మిరపకాయ బజ్జీల బండికీ మధ్య గుండ్రటి ఇనుప చట్రం, చుట్టూ రంగు వెలిసిన వల, లోపల బిగించి కట్టిన నల్లటి పట్టా. మెట్ల దగ్గర చిన్న చిన్న చెప్పులు గుట్టగా పడి ఉంటాయి. లోపల అప్పటికే ఐదుగురు పిల్లలు. టికెట్లు చింపే కుర్రాడు ‘ఇంకొకరు పడతారు, పంపించండి’ అంటాడు. పదేళ్ల అన్న నాలుగేళ్ల చెల్లెలి చెయ్యి పట్టుకుని గెంతుతుంటాడు. అతని కాళ్లు పట్టాను తాకినప్పుడల్లా చెల్లెలు తాను గెంతకుండానే గాల్లోకి లేస్తుంది. పాప కిలకిలా నవ్వుతుంది. బయట నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్న తల్లి కూడా నవ్వుతుంది. పాపను ఎగరేస్తున్నది అన్న బరువేనని ఆ క్షణంలో ఎవరికీ తట్టదు.

ట్రాంపోలిన్ ప్రమాదం అనగానే చాలామందికి గుర్తొచ్చేది కింద పడిపోవడమే. అందుకే వల గట్టిగా ఉందా, స్ప్రింగులపై మెత్తటి కవరు ఉందా అని చూసుకుని ధైర్యంగా పిల్లల్ని పంపిస్తారు. అవి చూడాల్సినవే. కానీ అసలు ముప్పు వలకు అవతల కాదు, ఇవతలే ఉంది. అమెరికాలోని పిల్లల వైద్య నిపుణుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2012లో వెలువరించిన విధాన ప్రకటన ఈ సంగతిని అంకెలతో సహా తేల్చింది. ట్రాంపోలిన్ గాయాల్లో దాదాపు 75 శాతం ఒకేసారి ఒకరికంటే ఎక్కువమంది గెంతుతున్నప్పుడు జరిగినవే. కింద పడటం వల్ల అయిన గాయాలు 27 నుంచి 39 శాతం. వలలు, మెత్తటి కవర్లు వచ్చాక గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గిన దాఖలాలు కూడా లేవని ఆ సంఘం పేర్కొంది.

గాయపడేది ఎవరన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఒకే పట్టా మీద బరువైనవారూ తేలికైనవారూ కలిసి గెంతితే, అందరిలోకి చిన్నవారికి దెబ్బ తగిలే అవకాశం 14 రెట్ల వరకు ఎక్కువని అదే ప్రకటన చెబుతోంది. సరదాగా గెంతేది పెద్దవాళ్లు, కాలు విరిగేది పసివాళ్లకు.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే నులక మంచాన్ని గుర్తు చేసుకుంటే చాలు. కొత్తగా బిగించిన మంచం మీద ఓ పక్క పిల్లాడు కూర్చుని ఉండగా, మరో పక్క మేనమామ ధబ్బున కూలబడితే పిల్లాడు ఎగిరిపడతాడు. ట్రాంపోలిన్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే ఎన్నో రెట్ల బలంతో. 75 కిలోల తండ్రి పట్టా మీద దిగితే స్ప్రింగులు సాగి ఆ శక్తినంతా దాచుకుంటాయి. వెనక్కి లాగేటప్పుడు ఆ శక్తిని ఎవరిదని చూడవు, ఆ క్షణంలో పట్టా మీద ఎవరుంటే వాళ్లకే ఇచ్చేస్తాయి. 75 కిలోల మనిషి నింపిన శక్తి 15 కిలోల పసివాడికి అందితే వాడు తన ఒంటికి అలవాటు లేనంత ఎత్తుకు లేస్తాడు. గాల్లో అదుపు తప్పి మెడ మీదో, వంగిన చెయ్యి మీదో పడతాడు. డబుల్ బౌన్స్ అంటూ పిల్లలు కావాలని ఆడే ఆట ఇదే.

రెండో రకం దెబ్బ ఇంకా మోసకారి. పాప కిందికి వస్తున్న క్షణంలోనే పెద్దవారి బరువు వదిలిన పట్టా పైకి దూసుకొస్తే, రెండూ ఎదురెదురుగా ఢీకొంటాయి. లెక్క వేసి చూస్తే తీవ్రత తెలుస్తుంది. అర మీటరు ఎత్తు నుంచి దిగే పాప కాళ్ల వేగం సెకనుకు సుమారు మూడు మీటర్లు. పట్టా అంతే వేగంతో ఎదురొస్తే ఢీకొనే వేగం ఆరు మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలైనట్టే. అంటే అర మీటరు నుంచి దిగిన పాప రెండు మీటర్ల గోడ మీద నుంచి దూకినంత వేగంతో తగులుతుంది. చూసేవాళ్లకు మాత్రం మెత్తటి పట్టా మీద కాలు ఆనినట్టే ఉంటుంది.

ఇలాంటి దెబ్బకు లొంగేది మోకాలికి కాస్త దిగువన ఉండే పెద్ద ఎముక పైభాగం. ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కనిపించే ఈ గాయాన్ని ఎముకల డాక్టర్లు ‘ట్రాంపోలిన్ ఫ్రాక్చర్’ అనే పిలుస్తారు. కింద పడిందేమీ ఉండదు, రక్తం కారదు, వాపు కూడా పెద్దగా కనిపించకపోవచ్చు. పాప ఏడుస్తుంది, కాలు కింద పెట్టనంటుంది. బెణికిందేమోనని నూనె రాసి, మర్దన చేసి, పొద్దున్నే చూద్దాంలే అనుకునే ఇళ్లు తక్కువేమీ కాదు. ఎక్స్‌రేలో కూడా చీలిక వెంట్రుకవాసి గీతలా ఉండి ఒక్కోసారి చూపు దాటిపోతుంది. ట్రాంపోలిన్ మీద గెంతి వచ్చిన చంటిపిల్లలు కాలు మోపకపోతే మర్దన మాట మరచి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎంతమందితో కలిసి గెంతారో కూడా చెప్పాలి.

‘పక్కనే ఉండి చూస్తున్నాం కదా’ అనే ధీమా కూడా నిలబడదు. గాయాల్లో మూడో వంతు నుంచి సగం దాకా పెద్దల పర్యవేక్షణలో ఉండగానే జరిగినట్టు 2012 ప్రకటన తెలిపింది. పెద్దలు నిర్లక్ష్యంగా ఉన్నారని దీని అర్థం కాదు. దెబ్బ తగలడానికి రెప్పపాటు చాలు, వల బయట నిలబడిన మనిషి చెయ్యి అంతలో అందదు. చూసే పెద్దలు చేయగలిగిన అసలు పని ఒక్కటే, రెండోవారిని ఎక్కనివ్వకపోవడం. పిల్లాడికి తోడుగా తండ్రే పట్టా ఎక్కడమైతే మరీ పొరపాటు. ప్రేమతో ఎక్కిన ఆ తండ్రే పట్టా మీద అందరికంటే బరువైన మనిషి.

ఈ ఆటను పుట్టించినవారి ఆలోచనా, పోటీల పద్ధతీ గమనించదగ్గవి. సర్కస్‌లో ఊయల విన్యాసాలు చేసేవారు చివర్లో కింది వల మీద పడి ఎగరడం చూసి అమెరికాలోని అయోవాకు చెందిన జార్జ్ నిస్సెన్‌కు ఈ ఆలోచన తట్టింది. లారీ గ్రిస్‌వోల్డ్‌తో కలిసి 1934లో ఆధునిక ట్రాంపోలిన్‌ను తయారు చేశాడు. 2000లో సిడ్నీలో అది ఒలింపిక్ క్రీడ అయింది. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన క్రీడాకారులు కూడా ఒలింపిక్స్‌లో ఒక్కొక్కరుగానే పట్టా ఎక్కుతారు. ప్రపంచ పోటీల్లో ఇద్దరు జంటగా చేసే సింక్రనైజ్డ్ విభాగం ఉంది. అక్కడ కూడా ఒకే పట్టా కాదు, పక్కపక్కనే రెండు ట్రాంపోలిన్లు వేసి చెరొకటి ఇస్తారు. ఆరితేరినవారికే లేని సాహసం బాలవాడి పిల్లలతో చేయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పెరటి సమస్య. పుట్టినరోజు పార్టీకి పదిమంది పిల్లలు చేరితే అందరూ ఒకేసారి ట్రాంపోలిన్ ఎక్కేస్తారు. ఆ దేశంలో ఒక్క 2009లోనే దాదాపు 98,000 ట్రాంపోలిన్ గాయాలు నమోదయ్యాయని, 3,100 మంది ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందని అంచనా. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఇళ్లలో సరదాకు ట్రాంపోలిన్ వాడొద్దనే గట్టిగా చెబుతోంది. చాలా బీమా కంపెనీలు ఇంటి పాలసీలో ట్రాంపోలిన్ గాయాలకు పరిహారం ఉండదని ముందే రాసుకుంటాయి. పండక్కి ఇళ్లకు పిలుచుకునే వారు ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం అందరికీ మంచిది.

హైదరాబాద్ లాంటి నగరాల్లో ట్రాంపోలిన్ పార్కులొచ్చాయి. గదులు గదులుగా పక్కపక్కనే పరిచిన పట్టాలు, గదికొకరే అన్న నియమం ఇలాంటి పార్కుల పద్ధతి. కానీ శని, ఆదివారాల రద్దీలో, పుట్టినరోజు బృందాలొచ్చినప్పుడు ఆ నియమాన్ని గట్టిగా అమలు చేయకపోతే గోడ మీది బోర్డు వల్ల ఉపయోగం లేదు. ఎగ్జిబిషన్లు, జాతరలు, ఫంక్షన్ హాళ్ల ముందు వేసే ట్రాంపోలిన్ల దగ్గరైతే చాలాచోట్ల ఆ బోర్డు కూడా కనిపించదు. తలకింత అని టికెట్టు తీసుకునేచోట ఎంతమంది ఎక్కితే అంత రాబడి. లాభం ఒక వైపు, పసిపిల్లల ఎముకలు మరో వైపు ఉన్నప్పుడు నిర్ణయాన్ని టికెట్లు చింపే కుర్రాడికి వదిలేయకూడదు.

కలిసి గెంతితేనే కదా సరదా, ఒక్కరే గెంతితే ఏం మజా అని పిల్లలు అడుగుతారు. ఆ మాటలో నిజముంది. పిల్లలకు పరుగూ, గెంతులూ, చెమటా కావాలి, ఫోన్ పట్టుకుని మూల కూర్చోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. కానీ కలిసి ఆడటానికి ఒకే పట్టా ఎక్కాల్సిన పని లేదు. గోలీలాటలో, తొక్కుడుబిళ్లలో వంతు కోసం ఆగడమే ఆటలో సగం. ఒకరు గెంతుతుంటే మిగతావారు బయట నుంచి యాభై దాకా లెక్క పెట్టి, తర్వాతివారిని పంపొచ్చు. ఆరేళ్ల లోపు పిల్లల్ని అసలు ఎక్కించకపోవడమే మంచిది. మెడ, వెన్నెముక దెబ్బతిని జీవితాంతం మంచాన పడే ప్రమాదం ఉంది కాబట్టి పిల్లిమొగ్గలు వద్దని కచ్చితంగా చెప్పాలి.

మున్సిపాలిటీలు, పంచాయతీలు కూడా కదలాలి. ఎగ్జిబిషన్‌కు అనుమతిచ్చే కాగితంలోనే ట్రాంపోలిన్‌పై ఒక్కసారికి ఒక్కరే అన్న షరతు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు కాదు. ఆ మాటను తెలుగులో, పిల్లలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో మెట్ల దగ్గర రాయించాలి. పాటించనివారి ట్రాంపోలిన్‌ను ఆ రాత్రికి మూయించాలి. తల్లిదండ్రులు అధికారుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈసారి ‘ఇంకొకరు పడతారు’ అని టికెట్ల కుర్రాడు అన్నప్పుడు, లోపలివాళ్లు దిగాకే మా పాప ఎక్కుతుందని చెప్పి, ఆ పది నిమిషాలూ పాప చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడండి.