ఎవరు ఎవరికి బాకీ?

ఏర్పేడు నుంచి వెంకటగిరి వైపు వెళ్ళే రోడ్డు మీద ఐఐటీ ఉంది. అదే మండలంలో, శ్రీనివాసపురం దగ్గర ఐసర్ ఉంది. 2015లో తిరుపతిలో మొదలైన ఈ రెండు సంస్థల శాశ్వత ప్రాంగణాలను 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. ఆ ప్రహరీగోడలకు దూరంగా ఏమీ కాదు, యానాదుల కాలనీలున్నాయి. ఆ కాలనీల నుంచి ఒక ఆడపిల్ల ఇంటర్ పాసై బయటికి రావడం ఇప్పటికీ చెప్పుకోదగ్గ విషయంగానే ఉంది.

ఈ మధ్య ఆ ప్రాంతంలోనే ఒక చిన్న సమావేశానికి వెళ్ళాను. టిఫిన్ హోటలు, మందుల షాపు, సిమెంటు కొట్టు, జిరాక్స్ సెంటరు నడుపుకునే కొందరు కలిసి, ఇంటర్ దాటిన యానాది, ఎరుకల అమ్మాయిలను పైచదువులు చదివిస్తామని ముందుకొచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. అందరూ మాట్లాడాక ఒక అమ్మాయి లేచి, 'వచ్చే ఏడు గూడా ఇస్తారా సార్?' అని అడిగింది. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. డిగ్రీకి మూడేళ్ళు, నర్సింగుకు నాలుగేళ్ళు. ఒక్కసారి చెక్కు ఇచ్చి ఫోటో దిగితే ఆ చదువు పూర్తవుతుందా?

వ్యాపారులు చదువుకు డబ్బివ్వడం మనకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లోనే తెలుగునాట కులాల పేర హాస్టళ్ళు వెలిశాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. భూమీ వ్యాపారమూ ఉన్న కులాలు తమ పిల్లల్ని తామే పట్నాలకు పంపి చదివించుకున్నాయి. ఆ వెసులుబాటు యానాదులకు ఏది? పొలాల్లో ఎలుకలు పట్టినా, తోటలకు కాపలా కాసినా, చెరువుల్లో చేపలు పట్టినా వాళ్ళు ఎప్పుడూ ఇంకొకరి గల్లాపెట్టెనే నింపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన స్త్రీల అక్షరాస్యత 2001లో 26 శాతం, 2011 నాటికి 40 శాతం. ఈ అంకెల వెనక ఉన్నది తెలివితేటల కొరత కాదు, ఆస్తి లేకపోవడం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2025 మే నెలలో ఇదే తిరుపతి జిల్లాలో ఒక దారుణం బయటపడింది. బాతులు మేపించే ఒక వ్యాపారి, అప్పు తీరలేదని ఒక యానాది కుటుంబానికి చెందిన తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. ఆ బిడ్డ చనిపోతే తల్లికి చెప్పకుండా తమిళనాడులో పూడ్చిపెట్టారు. అదీ చిన్న వ్యాపారమే. వెట్టిచాకిరీని చట్టం రద్దు చేసింది 1976లో! ఇటుక బట్టీల దగ్గర, చేపల గుంటల దగ్గర అడ్వాన్సు పేర కుటుంబాలకు కుటుంబాలే ఇంకా కట్టుబడి ఉంటున్నాయి. కూతురి చదువుకు విరాళం ఇచ్చే చేయి, తల్లి కూలి ఎగ్గొట్టే చేయి ఒకటే కాకూడదు కదా.

అలాగని ఈ సాయాన్ని కాదనమని నేను అనడం లేదు. 1948-49 నుంచీ గిరిజన విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. అది ప్రభుత్వ బాధ్యత, పిల్లల హక్కు. కానీ ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది. పరీక్ష ఫీజు, హాస్టల్ డిపాజిట్, బస్సు చార్జీ, నెలసరికి కావలసినవి అంతవరకూ ఆగవు. ఆ సందులోనే ఆడపిల్ల చదువు ఆగిపోతుంది, పెళ్ళి జరిగిపోతుంది. సరిగ్గా అక్కడే చిన్న వ్యాపారుల డబ్బు పనికొస్తుంది. ఇరవై దుకాణాలు నెలకు ఐదువందలు తీసిపెడితే పదివేలు. నలుగురు అమ్మాయిలకు నెలకు రెండున్నర వేల చొప్పున సరిపోతుంది.

అయితే 2013 కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యత నిబంధన పెద్ద కంపెనీలకే. చిన్న దుకాణాన్ని ఏ చట్టమూ నిలబెట్టదు. కాబట్టి మాట తీసుకోవలసింది మనమే. చదువు పూర్తయ్యేదాకా ఇస్తామని ముందే రాసివ్వాలి. డబ్బు అమ్మాయి ఖాతాలోనే పడాలి. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో యానాది, ఎరుకల స్త్రీలే ఎక్కువమంది ఉండాలి. ఫోటోలూ శాలువాలూ వద్దు. అమెరికాలో ఆదివాసీ కళాశాలల అధ్యక్షులు 1989లో తమ విద్యార్థుల కోసం తామే ఒక నిధి ఏర్పాటు చేసుకున్నారు. బయటివాళ్ళు ఎందరు డబ్బిచ్చినా దాన్ని నెలకొల్పింది మాత్రం తామే. మనం నేర్చుకోవలసింది అదే.

మీరు పనిచేసే ఊళ్ళో కూడా ఇలాంటి దుకాణాలుంటాయి, ఇలాంటి అమ్మాయిలుంటారు. వాళ్ళను ఒకచోట కూచోబెట్టండి. ముందు కూలి లెక్కలు తేల్చమని అడగండి, ఆ తర్వాతే స్కాలర్‌షిప్ మాట ఎత్తండి. తరతరాలుగా యానాదులే బాకీ ఉన్నారని చెబుతూ వచ్చారు. ఇప్పుడైనా ఆ ఖాతా పుస్తకాన్ని వాళ్ళ వైపు నుంచి చదువుదాం.