రాబందుల గతి మందుల చట్టంలో

పెంపకం కేంద్రంలో పుట్టిన రాబందులను అడవిలోకి వదిలినప్పుడల్లా పత్రికల్లో అదే ఫొటో, అదే పొగడ్త: భాగస్వామ్యం ఫలించిందని. పింజోర్‌లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, హరియాణా అటవీశాఖ కలిసి చేసిన పని చిన్నదేమీ కాదు. హైదరాబాద్ జూలోనూ అలాంటి కేంద్రం ఉంది. కానీ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి. బయట కళేబరమే విషమైతే ఎన్ని పిల్లల్ని పెంచి ఏం లాభం?

ఆ విషం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. నొప్పి తగ్గాలని పశువుకు వేసిన సూదిమందు, అది చచ్చాక రాబందు కడుపులోకి చేరుతుంది. మూత్రపిండాలు పాడై, కాలేయం మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. నూటికి ఒక్క కళేబరంలో కూడా ఉండనక్కర్లేదు, అంతకన్నా తక్కువైనా జాతి కూలిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తెల్లవీపు రాబందులు 1992, 2007 మధ్య వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాబందులు ఉన్నాయి, వేటాడితే జైలు. అయితే ఆవుకు సూది వేసినవాడు వేటగాడు కాడు. ఆ చట్టానికి అందనిది 1940 నాటి ఔషధాల చట్టంలో మందును నిషేధించే సెక్షన్ 26ఏకి అందింది. పశువుల డైక్లోఫెనాక్ తయారీ ఆపమని 2006లో చెప్పినా, ఆ మాటకు కోరలు వచ్చింది 2008 గెజిట్ ప్రకటనతోనే. అయినా మనుషుల పేరుతో 30 మి.లీ. సీసా షాపుల్లో దొరుకుతూనే వచ్చింది. మనిషికి 3 మి.లీ. చాలు. మిగతాది ఎవరికో వేరే చెప్పాలా? 2015లో సీసాను ఒక్క డోసుకు కుదించారు. కంపెనీలు మద్రాసు హైకోర్టుకెక్కి 2017లో ఓడిపోయాయి. నా దృష్టిలో రాబందులకు దక్కిన అసలు విజయం అదే.

అసెక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. సంగతి తెలిశాక కూడా దాన్నీ, రాబందులకు అలాగే ముప్పైన కీటోప్రొఫెన్‌నూ నిషేధించేసరికి 2023 వచ్చింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ 2006 నుంచీ చేతిలోనే ఉంది. పక్షులు రాలాక ఒక్కో మందునే ఆపుతూ పోయే ఈ పద్ధతి మారాలి. రాబందులకు సురక్షితమని తేలాకే పశువుల నొప్పి మందుకు అనుమతి ఇవ్వాలి. ఖర్చు పెరుగుతుందన్న మాటలో కొంత నిజముంది. ఆ భారం రైతు మీద పడకుండా చూసుకోవాల్సింది ప్రభుత్వం.

తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీది రాబందుల గూళ్లను అటవీశాఖ చూసుకుంటూ వచ్చింది. గుట్ట కింది ఊళ్లలో గొడ్లకు ఏ సూది పడుతోందో చూడాల్సిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను మాత్రం ఎవరూ భాగస్వామిగా లెక్కపెట్టరు.